నేను దాటేసిన వచనం

ఆ ప్రసంగం కోసం నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఓవర్సీరు పరీక్షకి లెక్కలు చేసుకున్న నోటుబుక్కులోంచి చింపిన కాగితం. ఒక పక్క తూము కొలతలు, రెండో పక్క ప్రసంగం. మొత్తం ఏడు అంశాలు. ఏ అంశానికి ఎన్ని నిమిషాలో కుడివైపు వేసుకున్నాను. నాలుగో అంశానికీ అయిదో అంశానికీ మధ్య ఒక వచనం సంఖ్య రాసి, దాని మీద అడ్డగీత గీశాను. దాని ఎదురుగా నిమిషాల గడిలో సున్నా చుట్టాను.

మా సంఘంలో కొత్తగా ప్రసంగాలు మొదలుపెట్టిన కుర్రవాళ్ళు వాక్యం ఎలా చెప్పాలని నన్ను అడుగుతున్నారు. వాళ్ళకి నియమాలు కావాలి. నియమాలంటే నాకూ ఇష్టమే. అయితే ముందు ఆ అడ్డగీత వల్ల ఏమేమి పోయాయో చెప్పాలి. ఒక మనిషి కుడిచేతి వేళ్ళు నాలుగు. ఒక ఆడమనిషి మోచెయ్యి. ఇంకా పుట్టని బిడ్డ. రెండు పళ్ళు. మరో ప్రాణం పోవలసింది, పోలేదు. ఇది ఆ ప్రాణం సంగతి.

మా నాన్నగారు రాజోలు తాలూకాలో ఒక పేటకి ఉపదేశి. పగలు బడి చెప్పేవారు, సాయంత్రం ప్రార్థన నడిపేవారు, ఆదివారం ఆరాధన చేసేవారు. ఆయన ఎడమచెవికి కింది సగం లేదు. నేను పుట్టకముందు సంతలో నిలబడి వాక్యం చెబుతుంటే ఎవరో పట్టుకుని లాగేశారట. తప్పెవరిది అని చిన్నప్పుడు అడిగాను.

"సగం నాదేరా" అన్నారు. "ప్రవక్త తనవాళ్ళని తిట్టేడు, ఏడుస్తా తిట్టేడు. నేను ఆ మాటలే తీసుకెళ్ళి పరాయివాళ్ళని తిట్టేను, నవ్వుతా తిట్టేను. మాట ఒకటే. చెవి పోయింది."

అప్పటినుంచి ఆయనకి ఒక పద్ధతి ఏర్పడింది. సోమవారం భాగం ఎంచుకుని, దాని ముందు అధ్యాయమూ వెనక అధ్యాయమూ కలిపి మూడుసార్లు పైకి చదివేవారు. శనివారం గ్రంథాన్ని తుండులో చుట్టుకుని, ఆ వాక్యం ఎవరికి ఎక్కువగా తగులుతుందో వాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళకి చదివి వినిపించేవారు. దొంగ గురించి చెప్పాలంటే జైలుకి వెళ్ళొచ్చిన మనిషికి. భార్యలు లోబడి ఉండాలన్న భాగం చెప్పవలసి వచ్చినప్పుడు, మొగుడి చేతిలో రోజూ దెబ్బలు తినే ఒకామెకి. ఆవిడ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. మొత్తం విని, "ఆ కింద మొగుళ్ళక్కూడా ఏదో రాసుంటది, చూడండి అయ్యగారూ" అంది. రాసి ఉంది. మర్నాడు నాన్నగారు ఆ కింది మాటతోనే మొదలుపెట్టారు. ఆవిడ మొగుడు మధ్యలో లేచిపోయి, బయటినుంచి గుడి తడికల మీద పేడముద్దలు విసిరాడు. ఒకటి సందులోంచి వచ్చి నాన్నగారి గ్రంథం మీద పడింది. తుడుచుకుని చదివారు.

నేను కాకినాడలో చదువు ముగించి, ఉద్యోగం ఉత్తరువు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న ఏడాది ఇది. నాన్నగారి పద్ధతి నాకు వృథా శ్రమలా కనిపించేది. ప్రసంగానికి కావలసింది క్రమం, వేగం, ముగింపు అనుకునేవాణ్ణి.

మా పేట పల్లంలో ఉంది. పేటకి దక్షిణంగా మురుగు కాలవ. కాలవ అవతల రేవు. రేవులో పడవలవాళ్ళవి పదకొండు ఇళ్ళు. చేపలు పట్టడం, మనుషుల్నీ కొబ్బరికాయల్నీ ఏరు దాటించడం వాళ్ళ పని. ఆ శ్రావణంలో ఎగువ తోటల నీళ్ళన్నీ ఆ కాలవలోకే వచ్చి, మా ఇళ్ళలోకి ఎక్కాయి. అంతకు ముందు ఏడాదీ అంతే. పేట పెద్దలు ఈసారి గట్టు వేద్దామన్నారు.

మా అన్నయ్య కొబ్బరి చెట్లెక్కి గెలలు కోసేవాడు. పేటలో అంత బలమైన మనిషి లేడు. చదువు రాదు గానీ ఒకసారి విన్న వాక్యం మరిచిపోడు. "తమ్ముడూ, సర్కారు గట్లు వేసే చదువు చదివేవు గదా, మన గట్టు ఎక్కడెయ్యాలో చూడు" అన్నాడు.

చూశాను. బల్లచెక్క మీద సగం నింపిన గాజుసీసా పెట్టి మట్టం తీశాను. ముళ్ళు వేసిన తాడుతో కొలిచాను. పొడవు ఆరువందల ఇరవై నాలుగు అడుగులు, ఎత్తు నాలుగు. ఇళ్ళు నలభై మూడు. ఇంటికి పద్నాలుగున్నర అడుగుల వాటా, చివరి ఇంటికి అరడుగు ఎక్కువ. వాటా వాటాకీ వెదురు పుల్ల పాతాను. కాలవకి ఇవతల ప్రతి పది అడుగులకీ మట్టం రాసుకున్నాను. అవతల ఒక్కచోటా తీయలేదు. అటు మన పని లేదు కదా అనుకున్నాను.

వారం రోజుల్లో గట్టు లేచింది. పేటలో నీళ్ళు ఆగాయి. మూడోరోజు తెల్లవారేసరికి గట్టుకి మూరెడు వెడల్పు గండి పడి ఉంది. నీళ్ళు కోసిన గండి కాదు, పార గుర్తులున్నాయి. పూడ్చాం. రెండురోజులకి మళ్ళీ పడింది. రేవువాళ్ళ పనేనని అందరికీ తెలుసు. ఆ శనివారం పేటలో పనిలోకి వెళ్ళినవాడు లేడు. అరుగుల మీద కూర్చుని కత్తులు నూరుకున్నారు.

నాన్నగారికి చలిజ్వరం. పెద్దలు వచ్చి ఆదివారం వాక్యం నన్ను చెప్పమన్నారు. నాకు వెంటనే తట్టింది పాత నిబంధనలో పడిపోయిన పట్నం గోడని తిరిగి కట్టించిన అధికారి కథ. ఇంజనీరింగు చదివినవాడికి అంతకంటే ఇష్టమైన భాగం ఉండదు. ఏ ఇంటివాళ్ళు ఎంత గోడ కట్టారో, ఎవరి పక్కన ఎవరు కట్టారో ఒక అధ్యాయం నిండా పట్టీ ఉంటుంది.

నాన్నగారు మంచం మీదినుంచి అడిగారు. "ఏ భాగం తీసుకున్నావు?"

చెప్పాను.

"మంచి భాగం. ఎవరికి చదివి వినిపించేవు?"

"ఎవరికీ లేదండి. వేళ లేదు."

"రేవుకెళ్ళి చదివి రా."

"వాళ్ళు మన మతంవాళ్ళు కాదు గదండీ."

"గోడవతల ఉన్నోళ్ళు వాళ్ళే గదరా" అన్నారు. అంతలో చలి వచ్చి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఉన్న రెండు దుప్పట్లూ కప్పి, పైన గోనెసంచి వేశాను. రేవుకి వెళ్ళలేదు. వాన పడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం గుడి నిండింది. ముప్పై అయిదు నిమిషాలు అనుకున్నాను, ముప్పై ఆరు పట్టింది. మొదట ఆ పట్టీ చదివాను. ఫలానావాడి పక్కన ఫలానావాడు కట్టాడని రాసినచోట పేర్లు తీసేసి మా పేట ఇళ్ళు వరసగా పెట్టాను. చెరువుగట్టు ఇంటివాళ్ళ పక్కన మంగలి మెట్ట ఇంటివాళ్ళు, వాళ్ళ పక్కన విధవరాలూ ఆమె కూతుళ్ళూ. జనం ముందుకి వంగారు. తర్వాత గోడ చూసి ఎగతాళి చేసిన శత్రువులు. తర్వాత ఆ అధికారి తనవాళ్ళని నిలబెట్టి, మీ అన్నదమ్ముల కోసం, మీ పిల్లల కోసం, మీ ఇళ్ళ కోసం పోరాడండి అన్న మాట. నాలుగో అంశం అది.

దాని తర్వాత వచనంలో ఏముందంటే, తమ పన్నాగం తెలిసిపోయిందని శత్రువులకి తెలిసింది, జనమంతా మళ్ళీ గోడ దగ్గరికి, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. పోరాటం జరగలేదు. అక్కడ ఆపితే ప్రసంగం చల్లబడుతుంది. అందుకని దానిమీద గీత గీసి, అయిదో అంశానికి దూకాను. ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం. బల్ల మీద కుడిచెయ్యి చరిచి, ఎడంచెయ్యి పైకెత్తి చూపించాను.

గుడి బయట ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. "అచ్చం మన గట్టు గురించే రాసేరు బాబూ, ఆ కాలంలోనే."

అన్నయ్య నా భుజం నొక్కాడు. "ఒక చేత్తో పార, ఒక చేత్తో కత్తి. బాగా చెప్పేవు తమ్ముడూ."

సోమవారం పొద్దున గట్టు పనికి పద్నాలుగు పారలూ పంతొమ్మిది కత్తులూ వచ్చాయి. నేనే లెక్కపెట్టాను. లెక్కపెడుతున్నప్పుడు సంతోషంగా ఉందని దాచను.

మంగళవారం తెల్లవారుతుండగా కాపలావాళ్ళు కేక పెట్టారు. అన్నయ్యా, ఇంకా అయిదుగురూ పరిగెత్తారు. వెనకాల నేను. పడవలవాళ్ళలో ఒకాయన, నలభై ఏళ్ళుంటాయి, తొడలోతు నీళ్ళలో నిలబడి గట్టుని పారతో కోస్తున్నాడు. ఒక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి పారిపోలేదు.

"ఏవండీ, మా ఇళ్ళల్లో నడుంలోతు నీళ్ళండీ" అన్నాడు. "పిల్లల్ని అటకెక్కించేం. మూరెడు తెరుచుకోనివ్వండి, నీళ్ళు తీసేక నేనే పూడుస్తాను."

"మీ ఇల్లు మునిగితే మా గట్టు కొడతావేంటి?" అన్నాడు అన్నయ్య.

"మీ గట్టే గదండీ ముంచింది."

మావాళ్ళలో ఎవరో వెనకనుంచి, "పోరాడమని రాసుంది గదేంట్రా, చూస్తారేం" అన్నారు. నేను నిన్నగాక మొన్న పలికినట్టే, నా గొంతులాగే పలికారు. పడవమనిషి మాట్లాడదామని పైకెక్కడానికి కుడిచెయ్యి గట్టు మీద ఆనించాడు. అన్నయ్య కత్తి దిగింది.

కొబ్బరిగెల కాడని ఒక్క వేటుకి కోసే కత్తి అది. బొటనవేలు తప్ప మిగిలిన నాలుగూ గట్టు మీద ఉండిపోయాయి. నేను ఒక ఇంటి వాటా దూరంలో, పద్నాలుగున్నర అడుగుల దూరంలో ఉన్నాను. ఆయన అరవలేదు. ఎడంచేత్తో ఆ వేళ్ళు ఏరుకోబోయాడు. తడిమట్టిలో జారిపోతున్నాయి. రెండు ఏరి లుంగీలో పెట్టుకున్నాడు, మూడోది కాలవలో పడింది. అప్పుడు ఎవరో నన్ను పక్కకి నెట్టారు.

మధ్యాహ్నం రేవువాళ్ళు వచ్చారు. తొమ్మిదిమంది, చేతుల్లో పడవలు తోసే గెడలు. ఒక్కో గెడ పన్నెండు అడుగుల వెదురు, కొసకి ఇనపపొన్ను. ఎవరు కనిపిస్తే వాళ్ళని కొట్టారు. కుండలు పగిలాయి. గుడి తడికలు రెండు పడిపోయాయి. ఒక ముసలాయన తల పగిలి నెత్తురు కళ్ళలోకి కారుతుంటే గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. వేళ్ళు పోయిన మనిషి తమ్ముడు మా ఇంటి ముందుకి వచ్చాడు. అన్నయ్య కోసం వచ్చాడు. అన్నయ్య అప్పుడు గుడి దగ్గర ఇద్దరితో కలబడి ఉన్నాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది, అయిదో నెల. గెడ మొదటిసారి ఆమె చేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నేను పెరటిలోంచి విన్నాను. రెండోసారి పొట్టకి తగిలింది.

ఆమెని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే ఏరు దాటాలి. దాటించే పడవలన్నీ వాళ్ళవే. ఎవరూ రాలేదు, మేమూ అడగలేదు. పేటలో కట్టు కట్టే ఆయన చేతికి వెదురుబద్దలు వేసి బిగించాడు. సాయంకాలానికి బిడ్డ పోయింది. మగబిడ్డ.

పోలీసులు వచ్చి ఎవరు ఎవర్ని కొట్టారని అడిగారు. అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. అటు నలుగుర్నీ ఇటు నలుగుర్నీ లాఠీలతో బాది వెళ్ళిపోయారు. గెడతో కొట్టిన తమ్ముడు పడవ వేసుకుని నరసాపురం వైపు చుట్టాల దగ్గరికి పారిపోయాడు. ఆదివారం పోటుకి తిరిగి వస్తాడని కబురు తెలిసింది.

అన్నయ్య బుధవారం నుంచి అన్నం మానేశాడు. పెరటిలో సానరాయి ముందు కూర్చుని కత్తి నూరేవాడు. "ఆదివారం వాక్యం విని వెళ్తాను" అన్నాడు నాతో, మామూలుగా, సంతకి వెళ్తానన్నట్టు. "రేవులో దిగగానే నరికేస్తాను. ఆ తర్వాత ఉరేసినా సరే."

వదిన పక్కమీదినుంచి నన్ను పిలిచింది. గొంతు పొడిగా ఉంది. "మరిదిగారూ, ఆరోజు వాక్యం బాగా చెప్పేరండి. అందరూ మెచ్చుకున్నారు."

నేను బయటికి వచ్చేశాను.

శనివారం పొద్దున నాన్నగారు మంచం దిగారు. ఒళ్ళు కాలిపోతోంది. గ్రంథాన్ని తుండులో చుట్టి తలమీద పెట్టుకుని, నా భుజం పట్టుకుని కాలవ దాటారు. రేవులో ఇళ్ళ గోడల మీద నీళ్ళు నిలిచిన గుర్తు కనబడింది. అలవాటు కొద్దీ ఒక గోడ పక్కన నిలబడి చూశాను. నా నడుముకి రెండంగుళాలు పైన. గట్టు వెయ్యకముందు గుర్తు ఎక్కడుందో వెతికాను. మోకాలి దగ్గర ఉంది. రెండు గుర్తులకీ మధ్య తేడా నా గట్టు.

వేళ్ళు పోయిన మనిషి బోర్లించిన పడవ మీద కూర్చున్నాడు. అమలాపురంలో కట్టిన కట్టు, అప్పటికే మురికిపట్టింది. మమ్మల్ని చూసి ఆయన భార్య రోకలి తీసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన వద్దని సైగ చేశాడు.

"ఓ కథ చదవమంటావా బాబూ?" అన్నారు నాన్నగారు. "మీరు మునిగిన కథ."

"చదవండి అయ్యగారూ. ఇంకా ఆరు వేళ్ళున్నాయండి నాకు" అన్నాడు.

నాన్నగారు గ్రంథం నా చేతిలో పెట్టారు. చదివాను. ఈసారి దేన్నీ దాటలేదు. ఆయన పడవ మీద తల వంచుకుని విన్నాడు. గోడ కట్టిన ఇళ్ళ పట్టీ దగ్గర ఆయన భార్య కూడా రోకలి దింపి కూర్చుంది. అయిపోయాక అడిగాడు.

"ఆ గోడవతల ఉన్నోళ్ళకి నీళ్ళు ఎటు పోయేయండీ?"

"అది కొండమీది పట్నమండి" అన్నాను. "నీళ్ళని ఆపే గోడ కాదు."

"ఆయ్. మరి నీళ్ళనాపే గట్టుకి ఆ కథెందుకు చెప్పేరండీ?"

నాలుగేళ్ళ చదువులో నన్ను అంత సూటిగా ఎవరూ ప్రశ్న అడగలేదు. నాన్నగారు నాకు సాయం రాలేదు.

"మీ తమ్ముడు రేపు వస్తన్నాడా?" అని ఆయన్ని అడిగారు.

"వస్తాడండి. మీవాళ్ళు వదలరని వాడికీ తెలుసండి. రాకపోతే ఎలాగండి? ఈ చేత్తో నేను తెడ్డు పట్టలేను గదా."

ఆదివారం నాన్నగారిని మంచంతోనే మోసుకొచ్చి గుడిలో బల్ల పక్కన దించారు. పడిపోయిన తడికల ఖాళీలోంచి రేవూ ఏరూ కనిపిస్తున్నాయి. అన్నయ్య ఆ ఖాళీ పక్కనే కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన కత్తి. వదిన ఆడవాళ్ళ వైపు గోడకి ఆనుకుని కూర్చుంది. రావద్దన్నా వచ్చింది.

నాన్నగారు నన్ను నిలబడమన్నారు. "పోయిన ఆదివారం నువ్వు చెప్పిన భాగమే. ఇవాళ చెప్పకు. చదువు."

నాలుగో అధ్యాయం మొదలుపెట్టాను. పోరాడండి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపారు. జనం వైపు తిరిగారు. గొంతు మెల్లగా ఉంది, అయినా గుడంతా వినబడింది.

"పోరాడమని రాసుంది. లేదని నేను అనను. ఉన్నదాన్ని లేదన్నోడూ, లేనిదాన్ని ఉందన్నోడూ ఒకటే తప్పు చేసినట్టు. సగం చదివినోడు ఆ రెండు తప్పులూ చేసినట్టు. నేను ముప్పై ఏళ్ళ కిందట సగం చదివి చెవి పోగొట్టుకున్నాను. నా కొడుకు సగం చదివేడు, వేరేవాళ్ళ వేళ్ళు పోయేయి, మన ఇంటి బిడ్డ పోయేడు. నిన్న మేం ఇది రేవులో చదివేం." ఆ మనిషి అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పారు. "గోడ పూర్తయ్యేదాకా ఆ కథలో ఎవరైనా ఎవర్నైనా కొట్టేరా? తెలిసినోళ్ళు చెప్పండి."

అన్నయ్య లేచాడు.

"చివరి అధ్యాయంలో కొట్టేడండి" అన్నాడు. "ఆ అధికారే. కొంతమందిని కొట్టి జుట్టు పీకేడు. చిన్నప్పుడు మీరే చదివేరు."

నాకు అది గుర్తులేదు. నాన్నగారు కళ్ళు మూసుకుని తెరిచారు.

"కొట్టేడు" అన్నారు. "నిజమే. కొట్టేడని రాసుంది, మంచిపని చేసేడని రాయలేదు. జరిగిందని రాసినవన్నీ చెయ్యమని రాసినట్టు కాదురా. ఇంకోటి కూడా గుర్తు చేసుకో. ఆయన కొట్టింది ఎవర్ని?"

అన్నయ్య గుర్తు చేసుకున్నాడు. గుర్తుచేసుకోవడం మొహంలో కనిపించింది.

"తనవాళ్ళని" అన్నాడు.

అప్పుడే ఆ ఖాళీలోంచి పడవ కనబడింది. పోటుతో పాటు వస్తోంది. తమ్ముడు పడవ ముక్కు దగ్గర గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుడంతా అటు తిరిగింది. అన్నయ్య కూడా చూశాడు. చూసి, ఇటు తిరిగి, నాలుగు అంగల్లో బల్ల దగ్గరికి వచ్చాడు. తువ్వాలు చుట్టిన కత్తి పిడితో నా మూతి మీద కొట్టాడు.

కింద పడ్డాను. నోట్లో గులకరాళ్ళ లాంటివి నాలిక్కి తగిలాయి. పైన అన్నయ్య రెండోసారి చెయ్యెత్తి ఉన్నాడు. తువ్వాలు జారిపోయింది, ఈసారి కత్తి పిడి కాదు ముందున్నది. నాన్నగారు మంచం మీదినుంచి లేవబోయి లేవలేకపోయారు. నలభై మూడు ఇళ్ళ జనంలో ఒక్కరూ కదల్లేదు.

"ఏవండీ, చాలు" అంది వదిన. గట్టిగా అనలేదు. "మరిదిగారు ఇంకో వచనం చదవాలండి."

అన్నయ్య చెయ్యి అలాగే ఉంది. నేను లేచాను. రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి జేబులో వేసుకున్నాను. గ్రంథం మీద నెత్తురు పడకుండా దూరంగా పట్టుకుని చదివాను. పెదవి చీలి మాట సరిగా రాలేదు. శత్రువులకి విషయం తెలిసిందని, దేవుడు వాళ్ళ ఆలోచన వమ్ము చేశాడని, జనమంతా గోడ దగ్గరికి, ఎవరి పనికి వాళ్ళు తిరిగి వెళ్ళారని. అంతే ఆ వచనం. చదవడానికి అర నిమిషం పట్టదు.

అన్నయ్య కత్తిని బల్ల మీద గ్రంథం ఉండే చోట పెట్టాడు. గుమ్మం దగ్గర ఆనించి ఉన్న పారల్లోంచి ఒకటి తీసుకుని బయటికి నడిచాడు. మేమందరం లేచి చూశాం. నేరుగా గట్టు మీద మా ఇంటి వాటా దగ్గరికి వెళ్ళాడు. నేను పాతిన రెండు వెదురు పుల్లల మధ్య నిలబడి, పార ఎత్తి గట్టులోకి దింపాడు. అవతల పడవలో ఆ తమ్ముడు గెడ నీళ్ళలో ఆనించి ఆగిపోయాడు. అన్నయ్య అటు చూడలేదు. నీళ్ళు ఎటు పోవాలో నన్ను అడగడానికి కూడా వెనక్కి తిరగలేదు. నేను ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో పార తీసుకుని, ఈసారి ముందు కాలవ అవతలికి దిగి మట్టం చూశాను.

ఆ రోజు మధ్యాహ్నం దొలిచిన తాటిమాను ఒకటి తెచ్చి, అవతల ఎక్కువైన నీళ్ళు ఇటూ పంచుకునేలా గట్టు అడుగున తూముగా పెట్టాం. అటు చివర పట్టుకున్నవాళ్ళలో ఒకాయన ఎడంచేత్తో పట్టుకున్నాడు. ఆయన తమ్ముడు చీకటిపడేదాకా పడవ దిగలేదు. అన్నయ్య గట్టు మీదినుంచి ఇంటికి వెళ్ళాక దిగాడు.